టెస్లా కాయిల్‌కు ట్రిగ్గర్డ్ స్పార్క్ గ్యాప్: కట్టడం, పరీక్షించడం

టెస్లా కాయిల్ అంటే చిన్నపాటి మెరుపులు పుట్టించే హైవోల్టేజీ సాధనం. కెపాసిటర్ తన చార్జిని స్పార్క్ గ్యాప్ అనే స్విచ్చు ద్వారా ప్రైమరీ అనే చిన్న చుట్టలోకి వదిలితే, సెకండరీ అనే పెద్ద చుట్టలో వోల్టేజీ ఎన్నో రెట్లు పెరుగుతుంది. దీన్ని కట్టేవారు సెకండరీకి వెయ్యి చుట్లు చుట్టడానికి పదిరోజులైనా ఓపిక పడతారు. స్పార్క్ గ్యాప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు బోల్టులు ఎదురెదురుగా బిగించి పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అన్ని భాగాల్లోకీ ఎక్కువ భారం మోసేది ఆ రెండు బోల్టుల మధ్య ఉన్న గాలే. 10 కిలోవోల్టుల, 30 మిల్లీయాంపియర్ల నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ (నియాన్ బోర్డులను వెలిగించేది) ఇచ్చేది చిన్న కరెంటు. కానీ అది నింపిన 27 నానోఫారడ్ల కెపాసిటర్ 25 మైక్రోహెన్రీల ప్రైమరీలోకి ఒక్కసారిగా ఖాళీ అయినప్పుడు గ్యాప్‌లో పారే కరెంటు దాదాపు 460 యాంపియర్లను తాకుతుంది. ఇంత కరెంటును కలిపే స్విచ్చు ఎప్పుడు మూసుకోవాలో మనమే నిర్ణయించాలి. గాలి ఇష్టానికి వదిలేయకూడదు. ట్రిగ్గర్డ్ గ్యాప్ పుట్టింది అందుకే.

సాధారణ గ్యాప్ తనంతట తాను పేలుతుంది. దుమ్ము, వేడి, ముందటి స్పార్కు మిగిల్చిన అయాన్లు, సరఫరా వోల్టేజీలో ఎగుడుదిగుడులు కలిసి ఆ క్షణాన్ని నిర్ణయిస్తాయి. అందుకే ఒక అర్ధచక్రంలో మూడుసార్లు పేలి, తరువాతి అర్ధచక్రంలో ఒక్కసారీ పేలకపోవచ్చు. సింక్రొనస్ మోటారుతో తిరిగే గ్యాప్ ఈ లోపాన్ని తీరుస్తుంది కానీ, వేగంగా తిరిగే పళ్ళెంలో టంగ్‌స్టన్ కడ్డీలను సమతూకంగా బిగించడానికి లేత్ మిషన్, మంచి పనివాడు కావాలి. ట్రిగ్గర్డ్ గ్యాప్‌లో తిరిగే భాగమే ఉండదు. రెండు ప్రధాన ఎలక్ట్రోడ్‌ల మధ్య మూడో ఎలక్ట్రోడ్‌ను నిలిపి, మనం కోరిన క్షణాన దానికి చిన్న హైవోల్టేజీ పల్స్ ఇస్తాం. రెండో ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ రాడార్లలో వాడిన ట్రిగట్రాన్ స్విచ్చులు ఈ కుటుంబానివే. కిలోవాటు లోపు ఉండే ఇంటి కాయిళ్ళకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. అంతకు మించితే ఎలక్ట్రోడ్‌లు వేడెక్కి పట్టు తప్పుతాయి. అక్కడ తిరిగే గ్యాపే మేలు.

ముందుగా ప్రాణం సంగతి

ఈ మాట చివర్లో చెప్పకూడదు కనుక ఇక్కడే చెబుతున్నాను. నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే 30 మిల్లీయాంపియర్లు గుండె ఆపడానికి చాలు. కెపాసిటర్‌లోని శక్తి ఒక్క తాకిడికే మనిషిని పడగొట్టగలదు. ఇంటి మెయిన్ బోర్డులో లీకేజీ వస్తే కరెంటు ఆపే ఆర్‌సీసీబీ మీద నమ్మకం పెట్టుకోకండి. అది మెయిన్స్ వైపు లీకేజీని మాత్రమే గుర్తిస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ అవతల హైవోల్టేజీ వైపు మీ ఒంట్లోంచి పారే కరెంటు దానికి కనిపించదు. ఇంతకుముందు హైవోల్టేజీతో పని చేయనివారు, అనుభవం ఉన్నవారి పక్కన నిలబడి నేర్చుకున్నాకే ఇది మొదలుపెట్టాలి.

నొక్కి పట్టుకుంటేనే కరెంటు వచ్చి, వదలగానే పోయే స్విచ్చు పెట్టండి. దాన్ని కాయిల్‌కు 3 మీటర్ల దూరంలో ఉంచండి. గదిలో రెండో మనిషి ఉండాలి, మెయిన్ స్విచ్చు ఎక్కడుందో వారికి తెలిసి ఉండాలి. మీటరు పొడవున్న ఎండు ఇన్సులేటింగ్ కర్ర కొసకు లోహపు కొక్కెం, దానికి ఎర్త్ తీగ బిగించి డిశ్చార్జి కర్ర తయారు చేసుకోండి. గ్యాప్‌ను ముట్టుకునే ముందు ప్లగ్గు పీకి, కర్రతో కెపాసిటర్ రెండు కొసలనూ తాకించి, కర్రను అక్కడే తగిలించి ఉంచి ఆ తరువాతే చెయ్యి పెట్టాలి. స్పార్కు నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి వెల్డింగ్ వెలుగులాగే కళ్ళను కాలుస్తుంది కనుక గ్యాప్ చుట్టూ కాంతి దాటని గొట్టమో పెట్టెయో ఉండాలి. ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్‌లు పోయేలా కిటికీలు తెరవండి. చెవులకు రక్షణ తప్పదు. పేస్‌మేకర్ ఉన్నవారు ఆ ఇంట్లోనే ఉండకూడదు.

లెక్క: 50 హెర్ట్జ్‌కు మార్చుకోండి

ఈ విషయం మీద అమెరికాలో వచ్చిన పట్టికలన్నీ 60 హెర్ట్జ్‌కు రాసినవి. మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అర్ధచక్రం 10 మిల్లీసెకన్లు, సెకనుకు 100 స్పార్కులు. మన ట్రిగ్గర్ పల్స్‌ను ఇచ్చేది కారు ఇగ్నిషన్ కాయిలే కనుక పోల్చడానికి వీలుగా ఒక మాట: నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు సరిగ్గా 100 స్పార్కులే కావాలి. అంటే కారు ఇగ్నిషన్ కాయిల్‌కు ఇది రోజువారీ పని.

ఉదాహరణగా 10 కిలోవోల్టుల, 30 మిల్లీయాంపియర్ల, మధ్య బిందువు ఎర్త్ అయిన పాత ఇనుప కోరు నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుందాం. ఇప్పుడు దొరికే ఎలక్ట్రానిక్ రకం ఇందుకు పనికిరాదు. లీకేజీ వస్తే తనంతట ఆగిపోయే రకమూ వద్దు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే 333 కిలోఓమ్‌లు. 50 హెర్ట్జ్ దగ్గర ఆ విలువకు రెజొనెన్స్ అయ్యే, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌తో లయ కలిసి ఊగే కెపాసిటర్ 9.55 నానోఫారడ్‌లు. అర్ధచక్రానికి ఒక్కసారే పేలే గ్యాప్‌కు దీనికి సుమారు 2.8 రెట్లు, అంటే 27 నానోఫారడ్‌లు పెట్టుకోవాలి.

ఈ పెంపు వెనుక బలమైన కారణం ఉంది. ట్రిగ్గర్ ఎప్పుడైనా విఫలమవుతుంది: ఫ్యూజు పోతుంది, తీగ ఊడుతుంది. రెజొనెన్స్ విలువ ఉన్న కెపాసిటర్ అయితే, స్పార్కు పడకపోగానే వోల్టేజీ ప్రతి చక్రానికీ పెరుగుతూ పోయి ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్‌ను చీల్చేస్తుంది. 2.8 రెట్ల కెపాసిటర్ అయితే స్థిరదశలో దాని మీద నిలిచేది లోడు లేనప్పటి ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీలో సుమారు 55 శాతమే. ట్రిగ్గర్డ్ గ్యాప్‌తో రెజొనెన్స్ కెపాసిటర్ వాడవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

0.15 మైక్రోఫారడ్, 2000 వోల్టుల డీసీ పాలీప్రొపిలిన్ పల్స్ కెపాసిటర్లు 11 వరసగా కలిపితే 13.6 నానోఫారడ్‌లు, అలాంటివి రెండు వరసలు పక్కపక్కన కలిపితే 27.3. ప్రతి కెపాసిటర్‌కూ 10 మెగాఓమ్‌ల రెసిస్టర్ తగిలించాలి. స్విచ్చు తీశాక చార్జి దాదాపు 10 సెకన్లలో హరించుకుపోతుంది. అయినా డిశ్చార్జి కర్ర వాడాల్సిందే.

మూడు ఖాళీలు, ఒకే క్రమం

మన దగ్గర మూడు రకాల ఖాళీలు ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడే సేఫ్టీ గ్యాప్, ప్రధాన గ్యాప్ తనంతట తాను పేలే హద్దు, ట్రిగ్గర్ పల్స్‌తో పేలే హద్దు. వీటి క్రమం తప్పితే ఏ సర్క్యూటూ ఆదుకోదు. ట్రిగ్గర్‌తో పేలే వోల్టేజీ అన్నిటికన్నా తక్కువ, సేఫ్టీ గ్యాప్ దానికి పైన, ప్రధాన గ్యాప్ స్వయంగా పేలే వోల్టేజీ ఆ రెండిటికీ పైన. ట్రిగ్గర్ విఫలమైన రోజున పేలాల్సింది సేఫ్టీ గ్యాపే, ప్రధాన గ్యాప్ కాదు. ఇకపై చేసే ప్రతి పరీక్షా ఈ క్రమాన్ని నిలబెట్టడానికే.

మధ్య ఎలక్ట్రోడ్ ఎలా పని చేస్తుందో కూడా తెలిస్తే తప్పులు వెతకడం తేలిక. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య బిందువు ఎర్త్ కనుక, ఒక ప్రధాన ఎలక్ట్రోడ్ భూమికి 7.07 కిలోవోల్టులు పైకి వెళ్ళినప్పుడు రెండోది అంతే కిందికి వెళ్తుంది. నడుమ ఉన్న ట్రిగ్గర్ ఎలక్ట్రోడ్ సహజంగా భూమి స్థాయిలో ఉంటుంది. దానికి 15 నుంచి 20 కిలోవోల్టుల పల్స్ ఇవ్వగానే ఒక పక్క సగం ఖాళీ మీద భారం విపరీతంగా పెరిగి అది తెగుతుంది, అంటే అందులోంచి స్పార్కు దూకుతుంది. వెంటనే మొత్తం వోల్టేజీ రెండో సగం మీద పడుతుంది, అదీ తెగుతుంది. పల్స్ ఒకే ధ్రువంలో ఉన్నా రెండు అర్ధచక్రాల్లోనూ పని జరుగుతుంది, ఎందుకంటే రెండు వైపుల్లో ఏదో ఒకటి ఎప్పుడూ వ్యతిరేక ధ్రువంలో ఉంటుంది.

ఎలక్ట్రోడ్‌లు, పీఠం

వెల్డింగ్ సామాన్ల దుకాణంలో టిగ్ వెల్డింగ్ టంగ్‌స్టన్ కడ్డీలు అడగండి. ప్రధాన ఎలక్ట్రోడ్‌లకు 3.2 మిల్లీమీటర్లవి, ట్రిగ్గర్‌కు 2.4 మిల్లీమీటర్లవి. కొసకు ఎర్ర రంగు ఉన్నవి తీసుకోకండి. వాటిలో రేడియోధార్మిక థోరియం ఉంటుంది. అరగదీసినప్పుడు లేచే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకూడదు. లాంథనం కలిపిన బంగారు లేదా నీలం రంగు కొసలవి, సీరియం కలిపిన బూడిద రంగువి మంచివి. డైమండ్ చక్రంతో చుట్టూ గాటు పెట్టి విరిచి, కొసలను అర్ధగోళంలా గుండ్రంగా అరగదీయండి. మాస్కు తప్పనిసరి. పదును కొస వద్దు. పదునైన చోట కొరోనా, అంటే గాలిలోకి కారే సన్నని డిశ్చార్జి, ముందే మొదలై, పేలే వోల్టేజీ రోజుకో తీరుగా మారుతుంది.

కడ్డీలను పట్టుకోవడానికి 25 మిల్లీమీటర్ల చదరపు ఇత్తడి దిమ్మలు రెండు కావాలి, ఒక్కొక్కటి 40 మిల్లీమీటర్ల పొడవు. మధ్యలో 3.3 మిల్లీమీటర్ల రంధ్రం, పైనుంచి రెండు స్క్రూలు. దిమ్మ పెద్దదైతే వేడిని బాగా లాగేస్తుంది కనుక ఇక్కడ పొదుపు వద్దు. ట్రిగ్గర్ కడ్డీని ప్రధాన కడ్డీల అక్షానికి అడ్డంగా, నిలువునా దింపాలి. దాని పక్కలే రెండు కొసలకూ ఎదురుగా ఉండాలి, అంటే కొస అక్షాన్ని దాటి రెండు మిల్లీమీటర్లు కిందికి రావాలి.

పీఠానికి మన విద్యుత్ దుకాణాల్లో హైలం షీటు అని అడిగే బేకలైట్ పలక చవకగా దొరుకుతుంది, గట్టిగానూ ఉంటుంది. కానీ ఆర్క్ తగిలితే దాని పైపొర బొగ్గయి, ఆ బొగ్గే దారిగా మారి కరెంటు పాకుతుంది. పీఠం అడుగు వరకు హైలం వాడి, దిమ్మల కింద ఎపాక్సీ ఫైబర్‌గ్లాస్ పలకో టెఫ్లాన్ స్తంభాలో పెట్టండి. దిమ్మల మధ్య ఉపరితలం వెంబడి దూరం కనీసం 60 మిల్లీమీటర్లు ఉంచుతాను. యాక్రిలిక్, పీవీసీ స్పార్కుకు దగ్గర్లో మెత్తబడి కరుగుతాయి.

గాలి వీయకపోతే ఈ గ్యాప్ పని సగమే. స్పార్కు ఆగాక మిగిలిన వేడి గాలిని ఊడ్చేయకపోతే అయాన్లు అక్కడే నిలిచి, కెపాసిటర్ నిండకముందే గ్యాప్ మళ్ళీ పేలుతుంది. కంప్యూటర్ల దుమ్ము దులిపే బ్లోయర్ ఒకటి తీసుకుని, ప్లాస్టిక్ గొట్టం ద్వారా గాలిని నేరుగా రెండు సగాల మీదికి పంపండి. బ్లోయర్ కనీసం అర మీటరు దూరంలో ఉండాలి.

ట్రిగ్గర్ పెట్టె

ఇంటి లైటు డిమ్మరుతో ఇగ్నిషన్ కాయిల్‌ను నడిపే పాత పద్ధతి ఒకటి ఉంది. భాగాలు తక్కువే కానీ, అందులో ఇగ్నిషన్ కాయిల్ నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది. హైవోల్టేజీ వైపు నుంచి వెనక్కి వచ్చే ప్రతి దెబ్బా ఇంటి వైరింగ్‌లోకి పోతుంది. నేను దాన్ని సిఫారసు చేయను. 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల యూపీఎస్ బ్యాటరీ మీద నడిచే పెట్టె కట్టండి. మెయిన్స్‌తో దానికున్న బంధం, సంకేతాన్ని తీగతో కాక కాంతితో దాటించే ఆప్టోకప్లర్ ఒక్కటే అవుతుంది.

సమయ సంకేతం కోసం 230 వోల్టుల నుంచి 9 వోల్టులకు దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చాలు. దాన్ని డిమ్మర్‌స్టాట్‌కు (నియాన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇచ్చే వోల్టేజీని పెంచి తగ్గించే సాధనం) ముందు, నేరుగా సాకెట్టు నుంచి కలపండి. డిమ్మర్‌స్టాట్ తరువాత కలిపితే వోల్టేజీ తగ్గించినప్పుడల్లా సంకేతమూ బలహీనమవుతుంది. ఆ 9 వోల్టులు 1 కిలోఓమ్ ద్వారా హెచ్11ఏఏ1 ఆప్టోకప్లర్‌కు వెళ్తాయి. దీనిలో రెండు ఎల్‌ఈడీలు ఎదురుబొదురుగా ఉంటాయి కనుక ప్రతి సున్నా దాటింపు దగ్గరా ఒక పల్స్, సెకనుకు 100 వస్తాయి.

తరువాత రెండు 555 టైమర్ చిప్పులు. మొదటిది ఆలస్యం కోసం: 100 నానోఫారడ్ల కెపాసిటర్, 4.7 కిలోఓమ్‌లకు వరసగా 100 కిలోఓమ్‌ల పొటెన్షియోమీటర్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్). ఆలస్యం 0.5 మిల్లీసెకను నుంచి మొదలవుతుంది. మొత్తం నిరోధం 90 కిలోఓమ్‌లు దాటితే ఆలస్యం 10 మిల్లీసెకన్లను మించి, టైమర్ ఒక పల్స్‌ను వదిలేసి ఇంకో పల్స్‌కే స్పందిస్తుంది. అప్పుడు స్పార్కులు 50కి పడిపోతాయి. చెవికే తెలుస్తుంది: మోత ఒక్కసారిగా సగం స్థాయికి, కింది షడ్జమానికి జారుతుంది. రెండో 555 ఇగ్నిషన్ కాయిల్‌లో కరెంటు పెరిగే వ్యవధిని ఇస్తుంది: 18 కిలోఓమ్‌లు, 100 నానోఫారడ్‌లతో 2 మిల్లీసెకన్లు. ఒక్కో దశను 10 నానోఫారడ్ల కెపాసిటర్, 10 కిలోఓమ్‌ల పుల్అప్‌తో తరువాతి దాని ట్రిగ్గర్ కాలికి కలపండి. అక్కడ పైకి పొంగే వోల్టేజీని అదుపు చేసే డయోడ్ మరవద్దు. టైమర్లకు 7809 రెగ్యులేటర్ నుంచి 9 వోల్టులు ఇవ్వండి.

రెండో టైమర్ ఔట్‌పుట్ 1 కిలోఓమ్ ద్వారా ఇగ్నిషన్ కోసమే చేసిన ఐజీబీటీ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు గేటుకు వెళ్తుంది. ఐఎస్ఎల్9వి3040 లాంటి వాటిలో 400 వోల్టుల దగ్గర వోల్టేజీని ఆపే క్లాంప్ లోపలే ఉంటుంది. పల్స్ ముగిసి ఐజీబీటీ ఆగిన క్షణంలోనే స్పార్కు పుడుతుందని గుర్తుంచుకోండి. కనుక మీ అసలు ఆలస్యం మొదటి టైమర్‌ది, రెండో టైమర్‌ది కలిపినంత.

ఇగ్నిషన్ కాయిల్ ఎంపికలో నేను నష్టపోయి నేర్చుకున్నది ఒకటుంది. పాత డబ్బా రకం కాయిల్‌లో ప్రైమరీ, సెకండరీ ఒక కొన దగ్గర లోపలే కలిసి ఉంటాయి. గ్యాప్ నుంచి తిరిగొచ్చే హైఫ్రీక్వెన్సీ ఆ దారిన నేరుగా టైమర్లలోకి దూరుతుంది. నా మొదటి పెట్టె పది నిమిషాలు కూడా బతకలేదు. రెండు ప్లగ్గులకు ఒకేసారి స్పార్కు ఇచ్చే, రెండు మూతుల (హైవోల్టేజీ బయటికొచ్చే కొసల) కాయిల్ తీసుకోండి. దాని సెకండరీ పూర్తిగా విడిగా ఉంటుంది. ఒక మూతి ఎర్త్‌కు, రెండోది ట్రిగ్గర్‌కు. బ్యాటరీ తీగలో 5 యాంపియర్ల ఫ్యూజు పెట్టండి. టైమర్ ఎప్పుడైనా ఆన్ స్థితిలో ఇరుక్కుపోతే కాయిల్ కాలకుండా అదే ఆపుతుంది.

కాయిల్‌కూ ట్రిగ్గర్ ఎలక్ట్రోడ్‌కూ మధ్య 1000 పికోఫారడ్‌ల, 20 కిలోవోల్టుల సెరామిక్ కెపాసిటర్లు రెండు వరసగా, వాటి తరువాత స్పార్క్ ప్లగ్గు క్యాప్‌లో ఉండే 5 కిలోఓమ్‌ల రెసిస్టర్ కలపండి. నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు ఇగ్నిషన్ కాయిల్‌లోకి పోకుండా ఆ కెపాసిటర్లు ఆపుతాయి. ట్రిగ్గర్ ఎలక్ట్రోడ్ మీద చార్జి పేరుకోకుండా 10 మెగాఓమ్‌ల రెసిస్టర్లు 20 వరసగా కలిపి, గాజు గొట్టంలో పెట్టి ఎర్త్‌కు కలపండి. పెట్టె మొత్తం లోహంతో చేసినదై, ఎర్త్ అయి ఉండాలి. ట్రిగ్గర్ తీగ ప్రైమరీకి దూరంగా, దానికి అడ్డంగా వెళ్ళాలి. పక్కపక్కనే సమాంతరంగా నడిపితే ప్రైమరీ శబ్దమంతా పెట్టెలోకి వస్తుంది.

పరీక్షలు: ఒక్కో పొరను విడిగా

అన్నీ కలిపి ఒకేసారి స్విచ్చు వేయాలనే తొందర సహజం. ఆ తొందరలో ఏదైనా కాలితే కారణం ఎన్నటికీ తెలియదు. కింది వరస నేను తప్పను.

మొదట ఇగ్నిషన్ కాయిల్ లేకుండా పెట్టెను మాత్రమే ఆసిలోస్కోపు మీద చూడండి. 10 మిల్లీసెకన్లకొక పల్స్, పొటెన్షియోమీటర్ తిప్పితే పల్స్ సాఫీగా జరగాలి, వణకకూడదు. తరువాత ఇగ్నిషన్ కాయిల్ కలిపి, దాని మూతికీ ఎర్త్‌కూ మధ్య 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి నడపండి. మూతిని ఖాళీగా వదిలి ఎప్పుడూ నడపవద్దు, స్పార్కు కాయిల్ లోపలే దారి వెతుక్కుంటుంది. ఐజీబీటీ కింద 0.1 ఓమ్ పెట్టి కరెంటు చూస్తే అది తిన్నని వాలులా పెరగాలి. చివర్లో గీత ఒక్కసారిగా పైకి వంగితే కోరు నిండిపోయిందన్నమాట, వ్యవధి తగ్గించాలి. ఆసిలోస్కోపు వాడకం ఇంతవరకే. హైవోల్టేజీ మొదలయ్యాక దాని ప్రోబులు దేనికీ తగిలించకూడదు.

రెండో పొర సేఫ్టీ గ్యాప్. ట్రాన్స్‌ఫార్మర్‌కు కెపాసిటర్, ప్రధాన గ్యాప్ ఏవీ కలపకుండా, ఒక్కో కొసకూ ఎర్త్‌కూ మధ్య సేఫ్టీ గ్యాప్ మాత్రమే ఉంచండి. డిమ్మర్‌స్టాట్‌తో మెల్లగా 230 వోల్టుల దాకా పెంచండి. పేలితే ఆపి, డిశ్చార్జి చేసి, కాస్త ఎడం పెంచండి. 230 దగ్గర నిలిచి, 240 దాటితే పేలాలి. మన డిమ్మర్‌స్టాట్‌లు సాధారణంగా 270 వోల్టుల దాకా ఇస్తాయి కనుక ఈ పరీక్ష సులువే.

ఇక్కడ కొలతకు ఒక ఆధారం కావాలంటే 20 మిల్లీమీటర్ల ఉక్కు బేరింగ్ గుళ్ళు రెండు చాలు. ప్రామాణిక గాలి స్థితిలో, అంటే 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆ గుళ్ళ మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ 8 కిలోవోల్టుల శిఖరం దగ్గర తెగుతుంది. 3 మిల్లీమీటర్లకు 11.2, 4కు 14.4, 5కు 17.4. ఖాళీ కొలవడానికి డ్రిల్లు బిట్ల తోకలే మంచి గేజీలు.

మూడో పొర ప్రధాన గ్యాప్ స్వయంగా పేలే హద్దు. ట్రిగ్గర్ పెట్టె తీగలన్నీ కలిపే ఉంచి, దాన్ని ఆపి ఉంచండి. రెండు సగాలనూ 2 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. రెండూ సమానంగా ఉండటం ముఖ్యం. గ్యాప్ పేలే వోల్టేజీని డిమ్మర్‌స్టాట్ మీద గుర్తుపెట్టుకుని, ప్రతిసారీ పావు మిల్లీమీటరు చొప్పున పెంచుతూ పోండి. ప్రధాన గ్యాప్ కన్నా ముందుగా సేఫ్టీ గ్యాప్ పేలే స్థితి వచ్చాక, దానికి పైన ఇంకో అర మిల్లీమీటరు కలపండి. నా అమరికలో ఒక్కో సగం 2.5 మిల్లీమీటర్ల దగ్గర స్థిరపడింది. మీ కొసల గుండ్రదనాన్ని బట్టి మీ అంకె వేరుగా ఉంటుంది.

గాలి సాంద్రత ఈ అంకెను కదిలిస్తుందని గుర్తుంచుకోండి. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పీడనం విశాఖ తీరంలో కన్నా ఆరేడు శాతం తక్కువ. దానికి మే నెల 40 డిగ్రీల వేడి తోడైతే, పట్టికలోని వోల్టేజీ కన్నా 12 శాతం తక్కువకే గ్యాప్ తెగుతుంది. సంక్రాంతి చలిలో సరిచేసిన గ్యాప్ వేసవిలో తనంతట తాను పేలడం మొదలుపెడితే మీ చేతిపనిని అనుమానించకండి. మళ్ళీ సరిచేసుకోండి.

నాలుగో పొర ట్రిగ్గర్ పట్టు. ఇప్పటికీ కెపాసిటర్ లేదు. పెట్టె ఆన్ చేసి, డిమ్మర్‌స్టాట్‌ను సున్నా నుంచి పెంచుతూ ప్రధాన గ్యాప్ ప్రతి పల్స్‌కూ తప్పకుండా తెగడం ఏ వోల్టేజీ దగ్గర మొదలవుతుందో చూడండి. అది స్వయంగా పేలే హద్దులో 60 శాతం లోపు ఉండాలని నా నియమం. అంతకన్నా ఎక్కువైతే పల్స్ బలహీనంగా ఉందన్నమాట: ట్రిగ్గర్ తీగ ఎక్కడో కారుతోందేమో చీకట్లో చూడండి, ఊదారంగు మెరుపు కనిపిస్తుంది. కెపాసిటర్ లేని ఈ దశలో పసుపు మంటలాంటి ఆర్క్ సాగుతుంది. అది ఎలక్ట్రోడ్‌లను వేడెక్కిస్తుంది కనుక రెండు మూడు సెకన్లకు మించి నడపవద్దు.

కాయిల్‌తో కలిపి

ఇప్పుడు కెపాసిటర్, ప్రైమరీ, సెకండరీ కలపండి. గ్యాప్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అడ్డంగా, కెపాసిటర్ ప్రైమరీతో వరసగా ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కూ గ్యాప్‌కూ మధ్య ఒక్కో తీగలో 1 కిలోఓమ్, 100 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ పెడితే హైఫ్రీక్వెన్సీ వెనక్కి రాదు. సెకండరీ లేకుండా నడపకండి. ఆ శక్తి అంతా గ్యాప్‌లోనే, కెపాసిటర్లలోనే కాలిపోతుంది. సెకండరీ అడుగు కొసకు విడిగా భూమిలో పాతిన ఎర్త్ కడ్డీ ఉండాలి. సెకండరీ పైన ఉండే లోహపు కంకణం, అంటే టొరాయిడ్ మీద ఒక మొన నిలిపితే స్ట్రీమర్ (గాలిలోకి సాగే మెరుపు) ఒకే చోటు నుంచి వచ్చి పొడవు పోల్చడం తేలికవుతుంది.

బ్లోయర్ ముందు, ట్రిగ్గర్ పెట్టె తరువాత, డిమ్మర్‌స్టాట్ చివర. ఆపేటప్పుడు దీనికి సరిగ్గా తిరుగు వరస. డిమ్మర్‌స్టాట్ వోల్టేజీ ఇస్తుండగా ట్రిగ్గర్ ఆగిపోవడం ఎన్నడూ జరగకూడదు.

సగం వోల్టేజీకే కాయిల్ నిలకడగా మోగడం మొదలవుతుంది. సాధారణ గ్యాప్‌తో ఇది అసాధ్యం. అక్కడ హద్దు దాకా నిశ్శబ్దం, ఆ తరువాత ఒక్కసారిగా గర్జన. ఇక్కడ వీణ తీగ సవరించినట్టు మెల్లగా పెంచుకోవచ్చు. నాకు ఈ గ్యాప్ మీద ప్రేమ పుట్టింది ఆ క్షణంలోనే.

140 వోల్టుల దగ్గర ఆగి ఫేజ్, అంటే అర్ధచక్రంలో స్పార్కు పడే క్షణం, సరిచేయండి. కెపాసిటర్ వోల్టేజీ శిఖరం మెయిన్స్ శిఖరంతో కలవదు, ట్రాన్స్‌ఫార్మర్ ఇండక్టెన్స్ దాన్ని జరుపుతుంది. అందుకే లెక్కకన్నా చూపే నమ్మకమైనది. పొటెన్షియోమీటర్‌ను ఒక చివర నుంచి మెల్లగా తిప్పుతూ స్ట్రీమర్ పొడవు, డిమ్మర్‌స్టాట్ ఇన్‌పుట్ ఆమ్మీటర్ రీడింగు రెండూ రాసుకోండి. స్ట్రీమర్ పెరిగి, కరెంటు అనవసరంగా ఎగరని చోటు ఒకటి దొరుకుతుంది. అక్కడ గీత పెట్టుకోండి. సేఫ్టీ గ్యాప్ ఎప్పుడైనా చిటచిటమంటే, ఆ ఫేజ్‌లో కెపాసిటర్ అవసరానికి మించి ఎక్కుతోందని అర్థం. వెనక్కి తిప్పండి. సేఫ్టీ గ్యాప్‌ను వెడల్పు చేసి ఆ శబ్దాన్ని నోరు మూయించకండి. ఆ తరువాతే 20 వోల్టుల చొప్పున పైకి వెళ్ళండి, ప్రతి మెట్టు దగ్గరా ఫేజ్‌ను కాస్త సవరిస్తూ.

స్పార్కులు నిజంగా క్రమంగా పడుతున్నాయో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. 5 మీటర్ల దూరం నుంచి ఫోనులో శబ్దం రికార్డు చేసి, తరువాత కంప్యూటర్‌లో తరంగాన్ని పెద్దది చేసి చూడండి. టపటపల మధ్య 10 మిల్లీసెకన్లు సమానంగా ఉండాలి. కొన్నిచోట్ల 20 ఉంటే ట్రిగ్గర్ పట్టు తప్పుతోంది: మధ్య ఖాళీలు సమానంగా లేవు, లేదా బ్యాటరీ దిగిపోయింది. 10 మధ్యలో అదనపు టపటపలుంటే గాలి చాలడం లేదు, లేదా హైఫ్రీక్వెన్సీ పెట్టెలోకి దూరి టైమర్‌ను మోసం చేస్తోంది. ఈ రెండిటినీ వేరు చేయడం తేలిక: బ్లోయర్ గాలి పెంచితే తగ్గేది మొదటి రకం, తగ్గనిది రెండోది. రెండో రకానికి మందు పెట్టె ఎర్త్ తీగను పొట్టిగా, వెడల్పైన రాగి పట్టీగా మార్చడం, పెట్టెను ఇంకో మీటరు దూరం జరపడం.

మొదటి రోజున 20 సెకన్లు నడిపి, రెండు నిమిషాలు ఆపి, డిశ్చార్జి చేసి ఎలక్ట్రోడ్‌లను చూడండి. రెండు ప్రధాన కొసలూ ఒకే తీరుగా మసకబారాలి. ఒకటి మాత్రమే నీలి రంగు తిరిగితే ఆ వైపు దిమ్మ స్క్రూ వదులుగా ఉంది లేదా గాలి అటు అందడం లేదు. ట్రిగ్గర్ కడ్డీ అన్నిటికన్నా ముందు అరుగుతుంది, ఎందుకంటే అది సన్నగా ఉండి వేడిని దించుకోలేదు. అరిగిన పక్కను తప్పించడానికి కడ్డీని పావు చుట్టు తిప్పి బిగిస్తే మళ్ళీ కొత్త ముఖం దొరుకుతుంది, రెండు ఎదురు పక్కలూ ఒకేసారి అరుగుతాయి కనుక అలా ఒక్క కడ్డీ రెండుసార్లు పనికొస్తుంది. తిప్పిన ప్రతిసారీ మూడో పొర పరీక్ష మళ్ళీ చేసి, గది వేడి, రెండు సగాల కొలత, స్వయంగా పేలిన డిమ్మర్‌స్టాట్ వోల్టేజీ ఒక నోటు పుస్తకంలో తేదీతో రాసి ఉంచండి.